ఇటుకబాటల పేట: కొలంబసు జర్మన్ విలేజ్‌పై ఒక సమీక్ష

అమెరికా నగరములలో కాపురముండువారికి కారు లేనిదే ఉప్పు పొట్లమైనను ఇంటికి చేరదన్న మాట దాదాపు అంతటను నిజమే యైనను, ఆ నియమమునకు లోబడని పాత పేటలు అక్కడక్కడ నేటికిని నిలిచియున్నవి. ఒహాయో రాష్ట్ర రాజధానియైన కొలంబసు నగరమున, శాసనసభా భవనమునకు దక్షిణముగా ఇంచుమించు మైలు దూరమున మొదలగు జర్మన్ విలేజ్ అట్టివానిలో ఒకటి. ఉత్తరమున లివింగ్‌స్టన్ అవెన్యూ, దక్షిణమున నర్సరీ లేన్, పడమట పెరల్ ఆలీ యను సందు హద్దులుగా, 233 ఎకరముల నేలమీద, పందొమ్మిదవ శతాబ్దపు జర్మను వలసదారులు కట్టుకొన్న ఎఱ్ఱ ఇటుక ఇండ్లు బారులు దీరియుండగా, ఆ బారుల నడుమ మనుష్యుడు తన కాళ్లనే నమ్ముకొని దినచర్యలో అధికభాగము నడపుకొనగలుగుచున్నాడు.

ఈ పేటను గూర్చి చిరకాలముగా చర్చ సాగుచునే యున్నది. ప్రాచీన కట్టడముల సంరక్షణ పరమార్థముగా నెంచువారు దీనిని ప్రజల స్వచ్ఛంద కృషికి నిదర్శనముగా కీర్తించుచున్నారు. నగరనిర్మాణశాస్త్రము నభ్యసించువారు వీధికిని ఇంటికిని ఉండవలసిన పొందికకు దీనిని నమూనాగా చూపుచున్నారు. గృహవసతిని గూర్చి చింతించువారు మాత్రము, కూలివాని కొఱకు వెలసిన ఇంటిలో నేడు కూలివాడు అద్దెకైనను దిగలేకున్నాడే యని ఆక్షేపించుచున్నారు. నా దృష్టిలో మూడు పక్షములందును సత్యమున్నది. కాని ఈ మూడు సత్యములకును మూలమొక్కటే యన్న సంగతి చర్చలో తగినంతగా వెలికి రాలేదు. బీదవారు పనిచోటికి దగ్గరగా, చేతనైనంత మేరకు కట్టుకొన్నందున ఈ పేట నడకకు అనువైనది. అట్టి అనువు తక్కిన నగరమున కఱవైనందున దీని వెల పెరిగినది. ఆ కఱవును చాలవఱకు చట్టమే కల్పించినది. ఈ వ్యాసమున నేను నిరూపింప బూనినది ఇదియే.

ఈ నేల మొదట జర్మనులది కాదు. జాన్ మెక్‌గొవన్ అనునాతడు తనకు సంక్రమించిన భూమిని 1814లో స్థలములుగా విడగొట్టి అమ్మజూపెను. అచ్చటి వీధుల చట్రము అమెరికాలో ఆనాడు ప్రతి ఊరను కనబడు గళ్లనేత చట్రమే గాని, జర్మను దేశపు పాత పట్టణముల వంకరదారుల ననుకరించినది కాదు. 1830ల నుండి జర్మను వలసదారులు రాసాగిరి. 1836లో లూయీ హోస్టర్ బీరు కర్మాగారమును స్థాపింపగా, ఆ మార్గముననే మఱికొందఱును కర్మాగారములు పెట్టిరి. పేటకు పడమటి ప్రక్కనున్న ఆ ప్రాంతమును నేటికిని బ్రూవరీ డిస్ట్రిక్ట్ అనియే పిలుచుచున్నారు. 1843లో 'డెర్ వెస్ట్‌బోటె' యను జర్మను పత్రిక వెలువడెను. 1848లో పురుషుల గానసమాజమైన మెనర్‌కోర్ ఏర్పడెను. సెయింట్ మేరీ దేవాలయము 1868లో పూర్తియై, తరువాతి కాలమున ఎత్తైన శిఖరమును ధరించి, నేటికిని థర్డ్ స్ట్రీట్‌న నడచువానికి దిక్సూచివలె దూరమునుండియే కనబడుచున్నది. 1865 నాటికి కొలంబసు జనాభాలో మూడవవంతు జర్మనులేయని చరిత్రకారులు చెప్పుదురు. ఒక రాజధానీనగరమున ప్రతి ముగ్గురిలో ఒకరు పరభాషలో ప్రార్థించుచు, పాడుచు, పత్రిక చదువుకొనుచు జీవించిరన్న మాట.

వారి ఇండ్లను కొంచెము నిదానముగా చూడవలయును. ఈ సమీక్షకు ఆధారమంతయు అందే యున్నది. సున్నపురాతి పునాదిపై ఇటుకగోడ. ఒక అంతస్తు, దానిపై అటకను పోలిన అర అంతస్తు. నిట్రముగా వాలిన పలకరాతి కప్పు. వీధికి తిరిగిన త్రికోణపు ముఖము. కిటికీపై అడ్డముగా సున్నపురాతి దూలము. స్థలములు ఇఱుకైనవగుటచే ప్రక్కయింటికిని ఈ యింటికిని నడుమ ఒక మనిషి పట్టు సందు మాత్రమే మిగులును. వీధివైపు ఖాళీస్థలము లేనేలేదనవచ్చును. రెండు మూడు రాతిమెట్లు దిగిన వెంటనే కాలిబాట వచ్చును. ఆ బాటయు ఇటుకదే. వెన్నుపూసను బోలిన ఏటవాలు వరుసలలో పేర్చిన ఇటుకలను పెద్ద చెట్ల వేళ్లు అడుగునుండి ఎత్తివేయుటచే అవి అలలవలె లేచి పడుచుండును. కిటికీ గట్టుపై పూలతొట్టి, మెట్లప్రక్క ఇనుప కటకటాలు, కటకటాల వెనుక రెండు మూళ్ల మేర పూలమొక్కలు. ఇంతకు మించిన విస్తీర్ణమును ఆ యింటివారు ఎన్నడును కోరలేదు, కోరు స్తోమతయు వారికి లేదు. బీరు కర్మాగారమునకు తెల్లవారుజామున నడచిపోవలసినవాడు ఇంటిముందు పచ్చికబయలు పెంచుకొనుటకై అరమైలు దూరము జరిగిపోడు గదా!

జేన్ జేకబ్స్ 1961లో ప్రకటించిన 'ది డెత్ అండ్ లైఫ్ ఆఫ్ గ్రేట్ అమెరికన్ సిటీస్' అను గ్రంథమున, వీధి సజీవముగా నుండుటకు నాలుగు నియమములు చెప్పెను: పలువిధములైన వృత్తివ్యాపారములు ఒకేచోట కలసియుండుట, వీధిముక్కలు పొట్టిగా నుండుట, పాత కట్టడములు తగుపాళ్ల మిగిలియుండుట, జనము సాంద్రముగా నుండుట. ఆ నాలుగింటిలో మూడు జర్మన్ విలేజ్‌న నేటికిని పరిపూర్ణముగా కలవు. వీధుల వెనుక సందులు సాగుటచే నడచువానికి ఒక గమ్యమునకు నాలుగైదు దారులుండును. మూలమలుపున ఇల్లు, దానిప్రక్క కాఫీ అంగడి, ఆ వెనుక మంగలి దుకాణము, పైమేడపై మరల కాపురము. థర్డ్ స్ట్రీట్‌న అంతర్యుద్ధమునకు పూర్వపు కట్టడములను కలుపుకొని, 32 గదులలో విస్తరించిన బుక్ లాఫ్ట్ అను పుస్తకశాల కలదు. ఒక గదినుండి మఱియొక గదికి వంగుచు, ప్రక్కకు తొలగుచు, ఎదురువచ్చువానికి దారి యిచ్చుచు పోవలసిన ఆ యిఱుకు నడవలలో గంటలకొలది నిలిచి చదువుకొనువారిని చూచినపుడు, పాత ఇల్లు క్రొత్త వృత్తికి ఎంత సులభముగా ఒదుగునో ప్రత్యక్షముగా తెలియును. కోస్సుత్ స్ట్రీట్‌న ఒకనాటి గుఱ్ఱపుసాలలో ష్మిట్ కుటుంబమువారి సాసేజి భోజనశాల నడచుచున్నది; ఆ కుటుంబము 1886 నుండియు మాంసవ్యాపారమున నున్నది, భోజనశాల మాత్రము 1967లో వెలసినది.

పేటకు తూర్పువైపున పెద్ద పిల్లల ఆసుపత్రి యుండుటయు, ఉత్తరమున నగరకేంద్రపు కార్యాలయము లుండుటయు, నడచి పనికి పోగలవారి సంఖ్యను పెంచుచున్నవి. దక్షిణభాగమున ఇరువది మూడు ఎకరముల షిల్లర్ పార్కు కలదు. మ్యూనిచ్‌లో పోతపోయించి తెచ్చి 1891లో ప్రతిష్ఠించిన షిల్లర్ మహాకవి విగ్రహము దాని మధ్య నిలిచియున్నది. 1982 నుండి వేసవి సాయంకాలములందు అచ్చట ఆరుబయట నాటకములు ప్రదర్శింపబడుచున్నవి. చాపలు, మడతకుర్చీలు చంకబెట్టుకొని, పిల్లలను చేతబట్టుకొని, ఇంటినుండి నడచివచ్చి పచ్చికపై కూర్చుండి షేక్‌స్పియరు నాటకమును చూచిపోవు ఆ జనసందోహమును చూచినచో, మన పల్లెలలో కోవెలముందు వీధినాటకములకు చేరెడి జనము జ్ఞప్తికి రాక మానరు.

అయినను లోపములను దాచుట సమీక్షకునకు తగదు. ఆ అందమైన ఇటుకబాట వర్షమున జారును, మంచు పడినపుడు మఱింత జారును. చక్రాలకుర్చీలో కదలువానికిని, పిల్లల బండి నెట్టు తల్లికిని అది అడుగడుగున అవరోధమే. బాటను బాగుచేయు బాధ్యత ఆ యింటి యజమానిదే కాగా, చారిత్రక రూపమును మార్చరాదను నియమమువలన సిమెంటు పోయుటకు వీలులేదు. ప్రాచీనతను రక్షించు ధర్మమును, అశక్తునకు దారినిచ్చు ధర్మమును ఇచ్చట ఢీకొనుచున్నవి. ఈ రెండింటిలో రెండవదియే ఘనమైనదని నా నిశ్చయము. ఇటుకలను తొలగింపనక్కఱలేదు గాని, వాని అడుగున గట్టి పునాది వేసి సమతలముగా పేర్చు ఖర్చును యజమానిపైననే మోపక నగరము పంచుకొనవలయును.

ఈ పేట క్షీణించిన కథ అమెరికా చరిత్రలో ఒక బాధాకరమైన అధ్యాయము. 1917లో జర్మనీతో యుద్ధము ప్రారంభమగుటతోడనే, అంతవఱకు ఇరుగుపొరుగుగా మెలగినవారు ఒకరినొకరు అనుమానింపసాగిరి. షిల్లర్ వీధి విట్టియర్ వీధియైనది. జర్మానియా వీధి స్టూవర్ట్ అవెన్యూ యైనది. కైజర్ వీధి లియర్ వీధిగను, బిస్మార్క్ వీధి లాన్సింగ్ వీధిగను మారినవి. పార్కునకు సైతము వాషింగ్టను పేరు పెట్టిరి. పార్కునకు తరువాత పాతపేరు మరల వచ్చినది గాని, వీధులకు రాలేదు. 1919లో ఒహాయో శాసనసభ ఎనిమిదవ తరగతికి లోబడిన పిల్లలకు జర్మను భాష నేర్పరాదని చట్టము చేసెను; అమెరికా సర్వోన్నత న్యాయస్థానము 1923లో దానిని కొట్టివేసినను, ఆ నాలుగేండ్లలో తెగిన తీగ మరల అతుకలేదు. ఆ 1919లోనే ఒహాయోలో మద్యనిషేధము అమలులోనికి రాగా బీరు కర్మాగారములు మూతబడెను, పేటకు జీవనాధారము పోయెను. భాషను పోగొట్టుకొన్న జాతికి వృత్తియు పోయినచో ఊరివిడుపు తప్ప మిగులునది లేదు. కారు వచ్చి, నగరపు బయటి శివార్లు పెరిగిన కొలది ఓపిక గలవారందఱును అటు తరలిపోయిరి.

1950లలో ప్రభుత్వమువారు పట్టణ పునరుద్ధరణ యను పేరుతో పాతపేటలో ఉత్తరపు మూడవవంతును నేలమట్టము గావించిరి. ఆ వెనుక వచ్చిన మహారహదారి పేటను నగరకేంద్రమునుండి కందకమువలె వేఱుచేసినది. నేడు థర్డ్ స్ట్రీట్ వెంబడి ఉత్తరముగా నడచువాడు ఆ రహదారిపైని వంతెన దాటునపుడు, క్రింద పరుగిడు వాహనముల హోరులో ప్రక్కవాని మాట వినబడదు. ఆ కొలది గజముల నడకలో, పోయిన మూడవవంతు ఎంత విలువైనదో శరీరమునకే తెలిసివచ్చును.

మిగిలిన భాగము నిలిచినదన్నచో అది కొందఱు పౌరుల పట్టుదల వలననే. నగర ఉద్యోగియైన ఫ్రాంక్ ఫెచ్ ఈ పేటలో ఒక పాత ఇల్లు కొని బాగుచేసి, ఇది కూల్చదగినది కాదని ఊరికి చూపెను. 1960లో జర్మన్ విలేజ్ సొసైటీ ఏర్పడెను. ఆ యేటనే నగరసభ ఒక కమిషనును నియమించి, ఇండ్ల వెలుపలి రూపమును మార్పదలచువారు దాని అనుమతి పొందవలెనని శాసించెను. ఇండ్లను, తోటలను జనులకు చూపు వార్షికయాత్రయు అప్పుడే మొదలైనది. 1974లో ఈ పేట జాతీయ చారిత్రక స్థలముల పట్టికకెక్కినది. ఈ పునరుజ్జీవనమునకు వెచ్చించిన ధనములో అధికభాగము ఆ యిండ్లలో నివసించువారి సొంతధనమే. శిథిలగృహములను కొని తమ చేతులతో గోడలు గీకి, కప్పులు నేయించి నిలిపినవారిలో, ఇతర పేటలలో ఆదరణ దొరకని స్వలింగానురక్తులును పెక్కుమంది కలరు. వారి శ్రమను స్మరింపక ఈ చరిత్ర చెప్పుట కృతఘ్నత యగును.

కాని ఆ విజయముతోడనే సమస్య పుట్టినది. కమిషను కిటికీ చట్రమునకు కాపు గాచినది, పలకరాతికి కాపు గాచినది, ఇనుప కటకటాలకు కాపు గాచినది. లోపల నివసించు అద్దెవానికి మాత్రము కాపు గాయలేదు, అట్టి అధికారమును దానికెవ్వరును ఇయ్యలేదు. కూలివాని అర అంతస్తు ఇల్లు నేడు వైద్యులకును న్యాయవాదులకును మాత్రమే అందుబాటులో నున్నది. ఒకనాడు అనేక కుటుంబములుండిన ఇండ్లు ఏకకుటుంబ గృహములైనవి. జేకబ్స్ చెప్పిన నాలుగవ నియమము, అనగా జనసాంద్రత, సడలుచున్నది ఇచ్చటనే. ఇటుక మిగిలి జనము పలుచనైనకొలది మూలనున్న చిన్న అంగడికి గిరాకీ తగ్గును. అంగడి పోయిన పేటలో నడచుట షికారు మాత్రమే యగును.

ఈ ప్రశ్నను ఒక్క పేటతో తేల్చుట న్యాయము కాదు గనుక, అదే రాష్ట్రమున సిన్సినాటి నగరమందలి ఓవర్-ది-రైన్‌ను కూడ పరిశీలింపవలయును. నగరకేంద్రమునకును ఆ పేటకును నడుమ పారిన మయామీ-ఈరీ కాలువకు జర్మను వలసదారులవలన రైన్ అను ముద్దుపేరు వచ్చి, దాని కావలనున్న పేటకు ఆ పేరే స్థిరపడెను. ఇచ్చటి కట్టడములు కొలంబసువలె పొట్టి ఇండ్లు కావు. ఇటలీ శైలిలో మూడు నాలుగు అంతస్తుల మేడలు, క్రింద అంగడి, పైన కాపురములు. 1855 నుండి నడచుచున్న ఫిండ్లే మార్కెట్టు, 1878లో వెలసిన మ్యూజిక్ హాలు ఆ పేటకు రెండు కండ్లు. 1900 ప్రాంతమున 45,000 వఱకుండిన జనసంఖ్య 2000 నాటికి 8,000కు లోబడిపోయెను. ఎండిన కాలువగర్భమున భూగర్భ రైలుకై సొరంగములు త్రవ్వి, వానిపై 1928లో సెంట్రల్ పార్క్‌వే యను రాజవీధిని తెఱచిరి గాని, ఆ సొరంగములలో ప్రయాణికులతో రైలు ఎన్నడును నడువలేదు.

జర్మనులు వెడలిన పిదప ఆ మేడలలో అపలేషియా కొండజనులును, తరువాత నల్లజాతి బీదలును నివసించిరి. 2001 ఏప్రిలులో ఒక నిరాయుధుడైన నల్లజాతి యువకుని పోలీసు కాల్చి చంపగా పేట అట్టుడికిపోయెను. 2003లో నగరపు పెద్ద వ్యాపారసంస్థల అండతో ఒక అభివృద్ధి సంస్థ ఏర్పడి, మేడలను వరుసగా కొని బాగుచేయ నారంభించెను. 2006లో జాతీయ సంరక్షణ సంస్థ ఈ పేటను అత్యంత ప్రమాదస్థితిలోనున్న పదునొకండు చారిత్రక స్థలములలో చేర్చెను. 2016లో వీధిరైలు వచ్చెను, 2020 నుండి అందు టికెట్టు లేదు. కొలంబసున కుటుంబములు ఇల్లిల్లుగా, దశాబ్దముల మీద చేసినదానిని సిన్సినాటిలో పెట్టుబడి వీధివీధిగా, ఏండ్ల మీద చేసినది. వేగము వేఱైనను ఫలము ఒక్కటే: గోడ నిలిచినది, గోడలోని బీదవాడు తొలగినాడు. అయితే సిన్సినాటిలో తొలగినవాని గోడు వినిపించువారును, వాని కొఱకు తక్కువ అద్దె ఇండ్లను రక్షింపబూనిన సంఘములును ఉన్నందున చర్చ బహిరంగమైనది. కొలంబసున అది ఎవ్వరికిని పట్టకుండ సాగిపోయినది. ఈ విషయమున సిన్సినాటి కలహమే మేలని చెప్పక తప్పదు.

ఇట్టి పేటలు మఱికొన్ని కట్టుకొన్నచో ఒక్కదానికై ఇంత పోటీ ఏల యని ఎవ్వరైనను అడుగవచ్చును. చట్టము సమ్మతింపకపోవుటయే దానికి సమాధానము. ఇండ్లను ఒకచోట, అంగళ్లను వేఱొకచోట, కర్మాగారములను మఱియొకచోట ఉంచవలెనను జోనింగు విధానము రాజ్యాంగసమ్మతమేయని అమెరికా సర్వోన్నత న్యాయస్థానము 1926లో తీర్పు చెప్పిన వ్యాజ్యము యూక్లిడ్ అను గ్రామమునుండి వచ్చినది. ఆ గ్రామమును ఒహాయోలోనిదే. కనీసస్థల ప్రమాణము, వీధినుండి ఇంటికి విడువవలసిన దూరము, ఇంటింటికిని అంగడియంగడికిని ఇన్ని కార్లకు చోటుండవలెనను పార్కింగు నియమము, ఇవన్నియు చేరి జర్మన్ విలేజ్ వంటి నిర్మాణమును అసాధ్యము గావించినవి. ఒక చేతితో పాతపేటను చారిత్రకసంపదగా పూజించుచు, మఱియొక చేతితో దానివంటి క్రొత్తపేటను నిషేధించిన నగరములో ఆ పాతపేట ధనికుల సొత్తగుట వింత కాదు.

2024 జులైలో కొలంబసు నగరసభ ముఖ్యమార్గముల వెంబడి జోనింగు నియమములను మార్చి, ఎత్తైన కట్టడములను అనుమతించి, ఆ మార్గములపై పార్కింగు నిర్బంధమును తొలగించినది. ఆ యేడు నవంబరులో వేగబస్సుల కొఱకును, నడకదారుల కొఱకును పన్ను పెంచుకొనుటకు ఓటర్లు సమ్మతించిరి. ప్రయాణికుల రైలు లేని మహానగరముగా పేరుబడిన ఊరికి ఇది చిన్న మార్పు కాదు.

ఈ మార్పు మనవారికిని సంబంధించినదే. కొలంబసు ప్రాంతమున ఉద్యోగముల కొఱకును చదువుల కొఱకును చేరిన తెలుగు కుటుంబములలో పెక్కు ఉత్తరపు శివార్లలో, డబ్లిన్, పవెల్ ప్రాంతములలో స్థిరపడినవి. మంచిబడులు, విశాలమైన ఇండ్లు, పండుగకు పదిమంది కూడుటకు చోటు, ఇవన్నియు అచ్చట కలవు. వారి ఎంపికను తప్పుపట్టు తలంపు నాకు లేదు. కాని మనుమలను చూచుకొనుటకు గుంటూరునుండియో కరీంనగరునుండియో ఆరుమాసములకు వచ్చిన తల్లిదండ్రుల దినచర్యను చూడుడు. కొడుకు, కోడలు పనికిపోయిన తరువాత వారికి గడప దాటుటకు కారణమే యుండదు. కాలిబాట యున్నను అది చేర్చు అంగడి లేదు, గుడి లేదు, పలుకరించువాడు లేడు. సొంత ఊరిలో వేకువన పాలకేంద్రమునకు, పదింటికి కూరల బజారునకు, సాయంకాలము కోవెలకు నడచిన పెద్దమనిషి ఇచ్చట కిటికీలోనుండి కార్లను చూచుచు, "అబ్బాయి వచ్చేదాకా ఇంతేగా!" యని కూర్చుండును. జర్మను బీరు కార్మికుని తల్లికి ఈ చెఱ లేదు; ఆమె మెట్టు దిగినచో వీధి, వీధి దాటినచో దేవాలయము.

ముఖ్యమార్గముల వెంబడి ఇకపై కట్టబోవు మేడలలో పెద్ద గదులతోపాటు ఇద్దఱు వృద్ధులకు చాలిన చిన్న వాటాలును ఉండవలయును. క్రింది అంతస్తున పెద్ద సంస్థలకే గాక పచారీకొట్టు పెట్టుకొను చిన్న వర్తకునకును అద్దె అందుబాటులో నుండునట్లు నగరము చూడవలయును. జర్మన్ విలేజ్ కమిషను సైతము, ముందరి ఇటుకముఖమును ముట్టకుండ పెరటిసందువైపు చిన్న అద్దెయిండ్లు కట్టదలచువారికి అనుమతులను సుగమము గావించినచో, పేటలో పలుచబడిన జనము మరల చేరుటకు వీలగును. ఆ సందులు విశాలముగనే యున్నవి, గుఱ్ఱపుసాలలుండిన చోట్లు నేడు కార్ల గదులుగా పడియున్నవి. ఒక్కొక్క దానిలో ఒక్క కుటుంబము సుఖముగా కాపురముండవచ్చును.